నీళ్ళు పడని బోరుకు కృతజ్ఞత కూటం

మా అత్తగారు ప్రార్థన చేస్తుంటే గోడ అవతల విన్నవాళ్ళు, ఎవరో పాలవాణ్ణి గుమ్మంలో నిలబెట్టి కడిగేస్తున్నారనుకుంటారు. "నిన్న నీకేం జెప్పిన? యాదికున్నదా? మరెట్ల జేస్తవ్, జెప్పు" అని మొదలుపెడతారు. కొంగు తలమీదే ఉంటుంది, కళ్ళు మూసే ఉంటాయి, కూర్చోవడం మోకాళ్ళ మీదే. మాట మాత్రం తగవులాట. నేను తెనాలి దగ్గర కాలువగట్టు ఊళ్ళో పుట్టి పెరిగినదాన్ని. మా ఇంట్లో ప్రార్థనంటే నాన్నగారు గొంతు సవరించుకుని, బైబిలు భాషలోకి దిగి, కంచాల్లో అన్నం చల్లారిపోయేదాకా చేసే ప్రసంగం. పెళ్ళయి శంషాబాద్ వచ్చిన కొత్తల్లో ఈవిడ వరస చూసి, వీళ్ళకు దేవుడంటే భయం లేదేమోనని మా అమ్మకు ఫోన్ చేశాను. "ఆయనకు లేని అభ్యంతరం నీకెందుకే" అని మా అమ్మ ఫోన్ పెట్టేసింది.

దేవుడి తర్వాత ఆవిడకు అంత చనువు తన చేనుతోనే. ఊరు దాటాక, విమానాలు దిగే దారికి సరిగ్గా కింద ఉండేది అది. మా మామగారు బతికుండగా అందులో ఒక బోరు వేయించారు. ఆయన పోయేనాటికి మా ఆయన ఇంకా నిక్కర్లు వేసుకుని తిరుగుతున్నారట. ఆ బోరును నమ్ముకునే మా అత్తగారు పాలకూర, మెంతికూర, కొత్తిమీర మళ్ళు వేసి, కట్టలు కట్టి మార్కెట్టుకు మోసి ఇల్లు నడిపారు. బతుకమ్మ రోజులకు అందేలా బంతి కూడా వేసేవారు.

"మనం ప్రభువును నమ్ముకున్నవాళ్ళం కదా అత్తయ్యగారూ, బతుకమ్మకు పూలు పెంచడమేమిటండీ?" అని కొత్తలో అడిగాను, నాకు తెలిసిన ధర్మసూక్ష్మాలన్నీ గొంతులో నింపుకుని.

"పూలు చేసినాయనకు లేని నొప్పి నీకేంది బిడ్డా? ఇగ పట్టు" అని బంతిపూల గంప నా నెత్తిన పెట్టారు. మార్కెట్టు చేరేసరికి ధర్మసూక్ష్మాలు పోయాయి, మెడనొప్పి మిగిలింది.

మా చుట్టుపక్కల చేలు అప్పటికే ఒక్కొక్కటే వేషం మార్చేస్తున్నాయి. ఒకటి గోదాము అయింది. ఇంకొకదాన్ని ప్లాట్లు చేసి రాళ్ళు పాతారు. తుక్కుగూడ దిక్కు వెళ్ళే దారిలో అయితే, నిన్న వంకాయలు కోసిన చోట ఇవాళ క్యాబ్‌లు వరసగా నిలబడి ఉండేవి. విమానం దిగేవాళ్ళ కోసం ఎదురుచూసే డ్రైవర్లకు బండి ఆపుకునే జాగా కావాలి, ఆ జాగాకు కిరాయి వస్తుంది. మా ఆయన విమానాశ్రయంలో సామాన్లు ఎక్కించి దించే పని చేస్తారు. నేను ఇంట్లో మిషను కుడతాను. కిరాయి మాట ఎత్తినప్పుడల్లా మా ఆయన కళ్ళు మెరిసేవి, మా అత్తగారి మొహం మాడేది. మధ్యలో నేను జాకెట్టు చేతులు కుట్టుకుంటూ కూర్చునేదాన్ని.

ఆ ఎండాకాలం పాత బోరు దగ్గడం మొదలుపెట్టింది. ముందు నీళ్ళతో పాటు గాలి వచ్చింది. తర్వాత గాలితో పాటు కాసిని నీళ్ళు వచ్చాయి. చివరికి మోటరు వేస్తే పైపు బుసకొట్టి ఊరుకునేది. కొత్తిమీర పసుపెక్కి నేలకు అంటుకుపోయింది.

"అమ్మా, ఇగ చాలు. నీ మోకాళ్ళు జూస్కో. పార్కింగ్‌కు ఇద్దం" అన్నారు మా ఆయన.

"ఒక్క బోరేద్దం" అన్నారు మా అత్తగారు. "నీళ్ళు పడితే నేను పోయేదాక చేను జోలికి రావొద్దు. పడకపోతే నువ్వన్నట్టే జేద్దం. మాటనా?"

"మాట" అన్నారు మా ఆయన. తల్లీ కొడుకులు నా ఎదురుగానే చేతులు కలిపారు. ఆవిడ జీవితమంతా నిలబడ్డ నేల ఒక్క బోరు మీదికి వచ్చి కూర్చుంది. ఆవిడ మాత్రం పొయ్యి మీద పప్పు కలపడానికి వెళ్ళారు.

బోరు ఎక్కడ వేయాలన్నది తర్వాతి గొడవ. మా పక్క చేను పెద్దాయన హనుమంతుడి భక్తుడు. మంగళవారం నాడు గుడికి వెళ్ళందే మంచినీళ్ళు ముట్టడు. మా అత్తగారిని చెల్లె అంటాడు, ఆవిడ అన్నా అంటారు. సలహా ఇవ్వకుండా ఉండలేని మనిషి.

"చెల్లె, కొబ్బరికాయ పట్టేటాయన్ను తోల్కొస్త. అరచేతిల కాయ ఏడ లేచి నిలవడ్తే ఆడ నీళ్ళుంటయి."

"పోయినేడు నీ చేన్ల గూడ కాయ నిలవడ్డది గదన్నా. నీళ్ళేవి?"

"గది కాయ తప్పు గాదు చెల్లె. నడుమ బండ అడ్డమొచ్చింది."

మా అత్తగారు ఉపవాసం ఉండి, చేనంతా తిరిగి, మూలమూలలా మోకరించి, పడమటి గట్టు దగ్గర లేచి నిలబడ్డారు. "ఈడ నా మనసు నిమ్మళమైంది. ఈడనే" అన్నారు. పెద్దాయన ఆ చోటును కాలితో రెండుసార్లు తట్టి చూసి, "ఎవరి లెక్క వాళ్ళది" అని వెళ్ళిపోయాడు.

ఇంతవరకూ అయితే ఇబ్బంది లేదు. ఆ తర్వాత ఆవిడ చేసిన పని ఉందే, అది మా వాళ్ళు మాత్రమే చేయగలిగిన పని. మాలో కృతజ్ఞత కూటం అని ఒక అలవాటుంది. ఉద్యోగం వచ్చినా, జబ్బు నయమైనా, ఇల్లు కట్టినా సంఘాన్ని పిలుస్తాం. పాటలు పాడి, జరిగిన మేలేమిటో అందరి ముందూ నిలబడి సాక్ష్యం చెప్పి, కడుపునిండా భోజనం పెడతాం. మేలు ముందు, కూటం తర్వాత. ఎక్కడైనా ఇదే వరస. మా అత్తగారు ఆ ఆదివారం చర్చిలో ప్రకటనల వేళకు లేచి, ఈ వరసను తిరగేశారు.

"గురువారం బోరేస్తున్నం. నీళ్ళిచ్చిన దేవునికి శనివారం మా చేన్ల కృతజ్ఞత కూటం వెట్టుకున్నం. అందరు రావాలె. భోజనాలు ఆడనే."

మా సంఘం పాస్టరు అయ్యగారు చిన్న వయసువారు, నెమ్మదస్తులు. "అమ్మా, నీళ్ళు పడ్డాక ప్రకటించుకుందామా?" అని మెల్లగా అడిగారు.

"పడ్డంక ఎవరైన జెప్తరు అయ్యగారు. పడకముందు జెప్తేనే గద విశ్వాసం!"

సంఘమంతా ఆమేన్ అంది. గట్టిగా అంది. నాకు మాత్రం భూమి చీలితే అందులోకి దూరిపోదామనిపించింది. మా ఆయన వైపు చూశాను. ఆయన పాటల పుస్తకంలో లేని పాట కోసం వెతుకుతున్నారు.

గురువారం పొద్దున్నే బోరు బండి వచ్చింది. ఆ చప్పుడుకు పైన వెళ్ళే విమానాలు కూడా వినపడలేదు. అయ్యగారు వచ్చి ప్రార్థన చేసి, చెవులు మూసుకుని వెళ్ళిపోయారు. పెద్దాయన తువ్వాలు ముక్కుకు చుట్టుకుని గట్టు మీద మకాం వేశాడు. రాతిపొడి లేచి మా మీద, చెట్ల మీద, చేనులో ఆవిడ పెంచే కోళ్ళ మీద పడింది. మధ్యాహ్నానికి అందరం సున్నం కొట్టిన గోడల్లా తయారయ్యాం. బండి డ్రైవరు తమిళాయన. రాడ్డు దిగిపోయినప్పుడల్లా మా ఆయన వైపు చూసేవాడు. మా ఆయన వాళ్ళమ్మ వైపు చూసేవారు. ఆవిడ "ఇంకొకటెయ్యి బిడ్డా" అనేవారు. తడి మట్టి వస్తుందేమోనని, వచ్చిన పొడినల్లా పిడికిట్లోకి తీసుకుని నొక్కి చూసేవారు. అది వేళ్ళ సందుల్లోంచి జారిపోయేది.

పొద్దు వాలుతుండగా డ్రైవరు ఇంజను ఆపేశాడు. "ఇంక లాభం లేదక్కా. కింద అంతా బండ" అన్నాడు. అంత చప్పుడు ఒక్కసారి ఆగిపోయేసరికి చెవులు గుయ్యిమన్నాయి. ఆవిడ ఏడుస్తారని నేను దగ్గరకు వెళ్ళాను. ఆవిడ ఏడవలేదు. చుట్టూ చూసి, గట్టు పక్కనున్న బండరాయి చూపించి, "దాని మూతి మంచిగ మూయిండ్రి నాయనా. ఎవల పిల్లలన్న ఆడుకోనొస్తరు" అన్నారు.

ఇంటికి వచ్చి స్నానం చేసి, దీపాల వేళ ప్రార్థనకు కూర్చున్నారు. నేను వంటింట్లో ఉండి విన్నాను. వినకుండా ఉండడం మా ఇంట్లో కుదరదు.

"అడుగుమన్నది నువ్వే. అడిగిన. అందరి ముంగట జెప్పిన. ఇజ్జత్ పోయేది నాదొక్కదాందే గాదు, నీది గూడ. గా బండను జర పక్కకు జరుపుతె నీ సొమ్మేం బోతుండె?" అని చాలాసేపు దులిపేశారు. నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. చివరికి, "సరే. కోపమొచ్చింది, జెప్పిన. రేపు పనున్నది, బలమియ్యి. ఆమేన్" అని లేచి వచ్చి, పచ్చడి కావాలన్నారు.

తెల్లారాక మా ఆయన ఫోన్ చేతిలోకి తీసుకున్నారు, కూటం లేదని ఒక్కొక్కరికీ చెప్పడానికి.

"ఎవలికి జేస్తున్నవ్?" అన్నారు అత్తగారు.

"రావొద్దని జెప్తున్నమ్మా. నీళ్ళు పడలే గద."

"పెట్టెయ్ ఫోను. దేవుని పేరు మీద రాండ్రి అని, మల్ల ఇంట్ల కూసోండ్రి అంటమా?"

నాకు ఒళ్ళు మండింది. నేను కాస్త ముక్కోపిని, ఇంట్లో అందరికీ తెలుసు. "దేనికండీ అత్తయ్యగారూ కృతజ్ఞత? ఆయన ఇవ్వకపోయినా ఇచ్చినట్టు మనం కప్పిపుచ్చాలా? అందరూ వచ్చి, ఆ బండరాయి చుట్టూ నిలబడి స్తోత్రం అంటే, మీకు బాగుంటుందేమో గానీ నాకు బాగుండదు."

"కప్పిపుచ్చుమని ఎవరన్నరు బిడ్డా?"

"మరి నిలబడి ఏమని చెబుతారు?"

ఆవిడ కాసేపు ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు. "తెల్వది. రేపటికి దొర్కుతదేమో."

"దొరక్కపోతే?"

"కోడికూరన్న ఉంటది గద" అని, చేనులో ఉన్న కోళ్ళ గూటికి బయల్దేరారు. నవ్వొచ్చింది. కోపంలో ఉన్నప్పుడు నవ్వు వస్తే నాకు ఇంకా కోపం వస్తుంది. ఉల్లిపాయల మీద ఆ కోపమంతా తీర్చుకున్నాను.

ఇక అసలు చిక్కు. చేనులో భోజనాలంటే వంటకు, చేతులు కడుక్కోవడానికి, తాగడానికి నీళ్ళు కావాలి. నీళ్ళిచ్చినందుకు పెట్టే కూటానికి నీళ్ళ ట్యాంకరు పిలిపించాల్సి వచ్చింది. శనివారం పొద్దున ట్యాంకరాయన జల్‌పల్లి నుంచి వచ్చి, బండి దిగి, కడుతున్న షామియానా చూసి సంతోషపడ్డాడు.

"ఏం ఫంక్షనక్కా?"

"నీళ్ళ కోసం కృతజ్ఞత కూటం" అన్నారు మా అత్తగారు.

"నీళ్ళు పడ్డయా? మంచి మాట! మరి నన్నెందుకు పిలిచిన్రు?"

"పడలే."

ఆయన ఆవిడ వైపు, నా వైపు, రాయి మూత వైపు చూశాడు. "పైపు ఏడికి గుంజాలె?" అన్నాడు. మా అత్తగారు బిందెలు వరసగా పెట్టి, నీళ్ళు నిండుతుంటే దగ్గర కూర్చుని అలా చూస్తూ ఉండిపోయారు. ఒక బిందె నిండి పొర్లిపోయినా జరపలేదు. నేనే వెళ్ళి జరిపాను.

మధ్యాహ్నానికి సంఘం దిగింది. ఆదివారపు తెల్ల చీరల్లో ఆడవాళ్ళు, డోలక్ మోసుకుంటూ మగవాళ్ళు. రాగానే వందనాలు చెప్పడం, చెప్పగానే ట్యాంకరు చూడటం, చూడగానే మొహం తిప్పుకోవడం. చేనంతా ఇంకా రాతిపొడి తెల్లగా పరుచుకుని ఉంది. ఎవరూ ఏమీ అడగలేదు. అడగకపోవడం ఎంత గట్టిగా వినపడుతుందో నాకు ఆ రోజు తెలిసింది. పెద్దాయన ఉతికిన పంచె కట్టుకుని, తన చేనులో కోసిన వంకాయల బుట్ట తెచ్చి వంట దగ్గర పెట్టి, వెనక వరసలో కూర్చున్నాడు.

పాటలయ్యాయి. అయ్యగారు ప్రార్థన చేశారు. మా దగ్గర ప్రార్థన మధ్యలో విమానం వస్తే, కళ్ళు తెరవకుండానే అది దాటేదాకా ఆగుతారు. దేవుడు కూడా ఆ కాసేపు ఆగుతాడని మా నమ్మకం. ఆ రోజు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ప్రార్థన ముక్కలు ముక్కలుగా సాగింది. తర్వాత అయ్యగారు ఇబ్బందిగా మా అత్తగారి వైపు చూసి, "అమ్మ సాక్ష్యం చెబుతారు" అన్నారు. మా ఆయన షామియానా గుంజను పట్టుకుని నిలబడ్డారు. నేను వంట దగ్గర్నుంచి వచ్చి, గరిటె చేతిలో ఉండగానే నిలబడ్డాను.

ఆవిడ లేచి కొంగు సర్దుకున్నారు.

"అందరికి వందనాలు. బోరేసినం. నీళ్ళు పడలే."

మళ్ళీ విమానం వచ్చింది. అది పోయేదాకా ఆగారు.

"నేనడిగిన. ఆయన ఇయ్యలే. ఎందుకియ్యలేదో నాకు తెల్వది. తెలిసినట్టు మీకు జెప్ప. మొన్న ఆయనతోని కొట్లాడిన గూడ." అయ్యగారు తన కాళ్ళ వైపు చూసుకున్నారు. "మిమ్ముల పిలిచిన గని ఏం జెప్పాలెనో నిన్నంత దొర్కలే. నా కోడలు గూడ అడిగింది. పొద్దుగాల ట్యాంకరు నీళ్ళు బిందెల పడ్తుంటే గప్పుడు యాదికొచ్చింది. అగో, ఆ పాత బోరు. మా ఆయన ఏయించిండు. ఎన్నేండ్లు పోసింది అది? నా కొడుకును సాదింది, సదివిచ్చింది, పెండ్లి జేసింది. ఒక్కనాడన్న మిమ్ముల పిలిచిన్నా? స్తోత్రం అని ఒక్కలకన్న ఛాయ పోసిన్నా? నీళ్ళొస్తనే ఉండె. నేను మోటరు బందు జేసి ఇంటికి పోతనే ఉంటి. అవి వస్తయనే అనుకున్న, ఎవలిస్తున్నరని అనుకోలే. ఆ కూటమే ఇది. ఆల్చమైంది, అంతే. అందరు తినిపోవాలె."

కూర్చుండిపోయారు. ఎవరూ ఆమేన్ అనలేదు. ఆ పాత బోరు, తుప్పు పట్టిన పైపుతో, మూలన అలాగే ఉంది. అందరం తలలు తిప్పి దాన్నే చూశాం.

వెనక నుంచి పెద్దాయన లేచాడు. "నేను మీ మందిని గాదు. జెప్పొచ్చునా అయ్యగారు?"

"చెప్పండి" అన్నారు అయ్యగారు.

"ఒక ఎండకాలం నా బోరు పడుకున్నది. నా బర్లు ఆ ఎండకాలమంత గా బోరు కాడనే తాగినయ్. చెల్లె ఒక్కపారి గూడ మొకం మాడ్చలే. నేను హనుమంతునికి కొబ్బరికాయ గొట్టిన గని, చెల్లెకు ఒక మాట జెప్పలే. ఇగ ఇయ్యాల జెప్తున్న." చెప్పి, టపీమని కూర్చున్నాడు.

అక్కడ మొదలైంది. స్త్రీల సమాజం పెద్దమ్మ లేచి, చర్చి గోడలు కట్టేటప్పుడు తడపడానికి ఆ బోరు నీళ్ళే మోశామని చెప్పింది. ఇంకొకావిడ తన పెద్దకూతురి పెళ్ళికి బగారా అన్నం ఆ నీళ్ళతోనే వండామంది. అయ్యగారికి కూడా ఊపు వచ్చింది. ఆయన ఈ సంఘానికి వచ్చాక ఇచ్చిన మొదటి బాప్తిస్మానికి తొట్టి నింపింది ఈ బోరేనట. "నేనే కాలు జారి ముందు మునిగాను" అని ఆయన అనగానే షామియానా కింద నవ్వులు లేచాయి. ఆ తర్వాత ఎవరు ఆగుతారు? మా ఆయనతో పనిచేసే ఒకాయన లేచి, తల గోక్కుంటూ, "అక్కా, నీకు జెప్పలే గని, మా కిరాయి ఇంట్ల నీళ్ళు లేనప్పుడు నేను నీ మోటరు కిందనే స్నానం జేసి డ్యూటీకి పోయేటోణ్ణి" అన్నాడు.

"నాకెరికే" అన్నారు మా అత్తగారు కూర్చున్నచోటి నుంచే. "సబ్బు ఈడనే మర్సిపోతుంటివి. నేనే దాసి మల్ల ఆడ వెట్టేదాన్ని."

అయ్యగారు కళ్ళజోడు తీసి తుడుచుకునేంత నవ్వారు. డోలక్ ఆయన ఎవరూ చెప్పకుండానే వాయించడం మొదలుపెట్టాడు. ముసలివాళ్ళు కూడా లేచి చప్పట్లు కొడుతూ పాడారు. కాళ్ళ కింద రాతిపొడి లేచి తెల్ల చీరల అంచులకు అంటింది. ట్యాంకరాయన ఎప్పుడు వచ్చి కూర్చున్నాడో, పళ్ళెంలో కోడికూర వేసుకుని తింటూ, "అయ్యగారు, నా బండికి గూడ ఒక ప్రార్థన జెయ్యరాదుండ్రి" అని అడిగాడు. అయ్యగారు వెళ్ళి, ట్యాంకరు మీద చెయ్యి వేసి ప్రార్థన చేశారు. పైపు చివరి నుంచి ఆయన చెప్పుల మీద నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

నేను ఆ రోజు చాలా సంతోషంగా ఉన్నాను. కారణం సరిగ్గా చెప్పమంటే చెప్పలేను. చేనులో నీళ్ళు లేవు, బోరు పోయింది, చేను కూడా పోతుందని నాకు తెలుసు. అయినా వడ్డిస్తూ వడ్డిస్తూ నాకే తెలియకుండా పాడుతున్నాను. కాలువగట్టున పుట్టి, తలుపు తీస్తే నీళ్ళే కనపడే ఊళ్ళో పెరిగి, నీళ్ళ కోసం ఏనాడూ దేవుణ్ణి తలుచుకున్నదాన్ని కాను. గిన్నెలు కడిగేటప్పుడు మొదటిసారి మా కాలువకు కూడా స్తోత్రం చెప్పాను. పక్కన గిన్నె తోముతున్నావిడ ఎవరికి చెబుతున్నావని అడిగితే, "మా ఊరికి" అన్నాను.

అందరూ వెళ్ళాక మా ఆయన వచ్చి వాళ్ళమ్మ పక్కన జంపఖానా మీద కూర్చున్నారు. పొద్దుటినుంచీ వడ్డించడమే గానీ మెతుకు ముట్టలేదు.

"అమ్మా, పార్కింగ్ వద్దులే. వానలు పడ్డంక జొన్న ఏద్దం" అన్నారు.

"ఏంది?"

"చేను ఉండనీ అంటున్న."

"మనం మాటనుకున్నం గద."

"నేనే ఒద్దంటున్న గదమ్మా!"

"నీళ్ళు పడుంటే నువ్వు మాట మీద నిలవడుదువు. పడకపోతే నేను నిలవడొద్దా?" అన్నారు ఆవిడ. "వాన పడకపోతే మల్ల ఇంకో బోరంటవ్. నీ రాత్రి డ్యూటీలు పెరుగుతయ్. ఒద్దు. పిలువు ఆ పార్కింగోళ్ళను."

ఇంతకుముందు ఇవ్వమని కొడుకు, ఇవ్వనని తల్లి పోట్లాడుకునేవారు. ఇప్పుడు అదే పోట్లాట తారుమారుగా, అంతే గట్టిగా జరిగింది. నేను ఇద్దరికీ చెరో పళ్ళెం చేతిలో పెట్టి, "తిని కొట్లాడుకోండి" అన్నాను. మా ఆయన ఒక ముద్ద తిని ఆగారు. "నీకు బాధ లేదా అమ్మా?"

"ఉన్నది. ఎందుకుండదు?" అన్నారు. అప్పుడు ఏడ్చారు. పళ్ళెం ఒళ్ళో పెట్టుకునే, దాచుకోకుండా, చిన్నపిల్లలా ఏడ్చారు. మేం ఇద్దరం చెరో పక్కన ఆనుకుని కూర్చున్నాం. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, కూరలో కారం ఎక్కువైందన్నారు. కారం వేసింది ఆవిడే.

వానాకాలం ముందే చేను చదును చేశారు. కోళ్ళను ఇంటికి తెచ్చుకున్నాం. రేకుల షెడ్డు వేశారు, గేటు పెట్టారు. గేటు దగ్గర ఎవరో ఒకరు కూర్చోవాలి కదా, నేనే కూర్చుంటానన్నారు మా అత్తగారు. వద్దని ఎంత చెప్పినా వినలేదు. మొదటి రోజు నేను కూడా తోడు వెళ్ళాను, ఆవిడ కొత్తిమీర మళ్ళున్న చోట టైర్ల గుర్తులు చూసి ఏమైపోతారోనని. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, వచ్చిన ప్రతి బండికీ ఎక్కడ ఆపాలో చెయ్యెత్తి చూపిస్తున్నారు. మళ్ళు వేసినంత వరసగా బండ్లు నిలబడ్డాయి.

మధ్యాహ్నం ఎండలో ఒక డ్రైవరు బండి దిగి వచ్చాడు. పాలమూరు దిక్కు మనిషి, పొద్దుటినుంచీ బేరం కోసం చూస్తున్నాడట. నుదురు తుడుచుకుంటూ, "అమ్మా, తాగెతందుకు ఈడ నీళ్ళేమన్న దొర్కుతయా?" అన్నాడు.

మా అత్తగారు నా వైపు చూశారు. నేను ఆవిడ వైపు చూశాను. ముందు ఎవరికి వచ్చిందో తెలియదు, ఇద్దరికీ నవ్వు ముంచుకొచ్చింది. ఆవిడ కుర్చీ చేతులు పట్టుకుని, పొట్ట పట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వారు. నేను గేటు పట్టుకుని నవ్వాను. ఆ డ్రైవరు పాపం, తప్పు మాటేమన్నా అన్నానా అని ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

ఆవిడ లేచి, ఇంటి నుంచి తెచ్చుకున్న సీసా తీసి, మూత విప్పి తన చేత్తోనే ఇచ్చారు. అతను గటగటా సగం తాగి, ఊపిరి పీల్చుకుని, "దేవుడు నిన్ను సల్లగ సూడాలె అమ్మా" అన్నాడు.

"సూస్తనే ఉన్నడు బిడ్డా" అన్నారు మా అత్తగారు. "తాగు. మొత్తం తాగు."